చెరువులో పదిహేడో బోరు

మధులత షాపులోకి వచ్చి కూర్చోలేదు. విజయేందర్‌కు అక్కడే అనుమానం తగిలింది. ఆరేళ్లుగా ఈ పిల్ల ఎప్పుడొచ్చినా ముందు స్టూలు లాక్కుని, ఫ్యాను తనవైపు తిప్పుకుని, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్ తీసేది. ఈరోజు కౌంటరు అవతలే నిలబడి, ఒక కాగితాల కట్ట అతని ముందు పెట్టి, చెయ్యి మాత్రం దాని మీదే ఉంచింది, అతను లాక్కుపోతాడేమో అన్నట్టు.

"అన్నా, నా ఫైల్ ఎవరికిచ్చిన్రు?"

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఇరవై రెండేళ్లుగా విజయేందర్ చేసేది ఒకటే పని, పెద్ద చదువులవాళ్ల రాతలకు బట్టలు తొడగడం. పీహెచ్‌డీ పిల్లలు తెచ్చినదాన్ని ఏ జర్నల్‌కు ఏ కొలత కావాలో ఆ కొలతకు సరిచేస్తాడు. పట్టికలు వేస్తాడు, మ్యాపులు గీస్తాడు, చివరికి థీసిస్‌కు రెక్సిన్ అట్ట వేసి బంగారు అక్షరాలు కొట్టి చేతిలో పెడతాడు. తాను మాత్రం ఎనిమిదిలోనే బడి మానేశాడు. ఇంగ్లీషు అక్షరాలు అతని వేళ్లకు వచ్చు, అర్థాలు రావు. అయినా ఏ పేజీ ఎవరిదో మనిషి ముఖం చూసినట్టు చూసి చెప్పగలడు. తన చేతుల మీదుగా ఎంతమంది డాక్టర్లయ్యారో, వాళ్లలో ఎంతమంది తమ థీసిస్ తాము చదవలేదో కూడా చెప్పగలడు. ఆ లెక్క అతన్ని ఎవరూ అడగరు.

"నేనెవ్వరికిస్త బిడ్డా? ఏమైందో చెప్పు" అన్నాడు.

ఆమె చెప్పింది. నల్గొండ వైపు ముప్పై ఒక్క బోరుబావుల నీళ్లు పట్టుకొచ్చి, అందులో ఫ్లోరైడ్ ఎంతుందో ఏ నెలకానెల కొలిచి, నాలుగేళ్ల కొలతల మీద ఆమె రాసిన పేపరును జనవరిలో ఇదే షాపులో ఇదే కంప్యూటరు ముందు కూర్చుని ఒక జర్నల్‌కు పంపారు. మార్చిలో ఆ జర్నల్‌వాళ్లు పనికిరాదని తిప్పి పంపారు. జూలైలో అదే పేపరు ఇంకో జర్నల్‌లో అచ్చయింది. పైన మూడు పేర్లున్నాయి, ఎక్కడో దూరపు కాలేజీవాళ్లవి. ఆమె ఎన్నడూ వినని పేర్లు. లోపల అంకెలు ఆమెవి, మ్యాపు ఆమెది. పోయిన వారం ఆమె గైడ్ థీసిస్‌ను కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే నూటికి అరవై ఎనిమిది వంతులు కాపీ అని వచ్చింది. తన సొంత థీసిస్‌ను తానే దొంగిలించినట్టు ఎర్రగీతలు.

"జనవరిలనే పంపినం గద, అందినట్టు వచ్చిన మెయిల్ చూపియ్యరాదు?"

"కమిటీ వాళ్లకు చూపించిన. పేపర్ అందినట్టుంది గని అండ్ల ఏమున్నదో, అది బయటికెట్ల పోయిందో మెయిల్ చెప్పదన్నరు. జర్నల్‌కు రాస్తే, ఆధారం లేకుండ మేం మాట్లాడమని ఒక్క లైన్ జవాబు. నెలాఖర్ల థీసిస్ కమిటీ మళ్ల కూసుంటది. ఆ తారీకు దాటితే నా రిజిస్ట్రేషన్ అయిపోతది, ఆరేండ్లు నిండుతయి." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వే అమ్ముకున్నవా అని కమిటీ వాళ్లు నన్నడిగిన్రు. నేను మిమ్మల్ని అడుగుతున్న."

ఇంకెవరైనా ఆ మాట అంటే విజయేందర్ షట్టరు దించేవాడు. కానీ ఆ మాట వినగానే అతని బుర్రలో ఒక ముఖం మెదిలింది, కాశిఫ్‌ది. తొమ్మిదేళ్లు ఇదే షాపులో రెండో కంప్యూటరు మీద పనిచేసి, మొన్న మే నెలలో మానేసి పంజాగుట్టలో సొంత దుకాణం పెట్టుకున్నాడు. పోతూ పోతూ ఏమేం మోసుకుపోయాడో ఎవరు చూశారు. ఆ సంగతి మధులతకు చెప్పలేదు. చెబితే దొంగ తన షాపువాడేనని ఒప్పుకున్నట్టు. సాయంత్రం దాకా టైమివ్వమని, అచ్చయిన పేపరు మాత్రం అడిగి తీసుకున్నాడు. దాని మీది నుంచి చెయ్యి తియ్యడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

షేర్ ఆటోలో పంజాగుట్ట చేరేసరికి కాశిఫ్ లామినేషన్ మిషన్ ముందు కూర్చుని ఎవరిదో ఆధార్ కార్డుకు ప్లాస్టిక్ వేస్తున్నాడు. దుకాణం చిన్నదే. గోడకు కొత్త సున్నం. బోర్డు మీద అక్షరాలు తన షాపు బోర్డు మీది అక్షరాల్లాగే ఉన్నాయని విజయేందర్ బయటి నుంచే కనిపెట్టాడు.

"ఆవో భాయ్. దుకాణం తెరిచిననాడు రమ్మంటె రాలే. ఇయ్యాల పిలవకుండ వచ్చినవంటె లడాయికే వచ్చినవ్" అన్నాడు కాశిఫ్, కుర్చీ ముందుకు నెడుతూ.

విజయేందర్ కూర్చోలేదు. వచ్చిన పని దాచలేదు కూడా. కాశిఫ్ మొత్తం విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. అదే విజయేందర్‌కు ఇంకా అనుమానంగా ఉంది. కాశిఫ్ పేపరు అందుకుని, రాతనంతా వదిలేసి నేరుగా మ్యాపు ఉన్న పేజీ తిప్పాడు. డీటీపీ పని చేసినవాడు ముందు బొమ్మనే చూస్తాడు. చూసి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని నవ్వాడు.

"భాయ్, గీ పదిహేడో బోరు జర చూడు. చెరువు నడిమిట్ల ఉన్నది. చాపలకు తాగే నీళ్లు తక్కువ పడ్డయా?"

విజయేందర్ కాగితం లాక్కున్నాడు. నీలిరంగు చెరువు మధ్యలో ఎర్ర చుక్క, పక్కన 17. అది తన తప్పే. జనవరిలో మ్యాపు గీస్తున్నప్పుడు చెరువును కాస్త పక్కకు జరిపితే చుక్క జరగకుండా ఉండిపోయింది. చూసుకోకుండా ఆ మధ్యాహ్నమే పంపేశారు. మూడో రోజు మధులత ఫోన్ చేసి, అన్నా, బోరు మునిగిపోయింది అని నవ్వింది. అతను సరిచేశాడు. అప్పటికి జర్నల్‌కు పోయింది పోయింది, దాన్ని మార్చనివ్వరు. షాపులో మాత్రం పాత కాపీ లేకుండా చెరిపేశాడు. ఆమె పెన్‌డ్రైవ్‌లో ఉన్నదీ అప్పుడే మార్పించాడు. తప్పు కాపీ ఎక్కడున్నా సరే ఉంచడు. ఒకసారి ఎవరిదో థీసిస్‌లో పాత పేజీ కలిసి బైండై పోయినప్పటి నుంచి అది అతని అలవాటు.

"నేనే దొంగనైతె మంచి కాపీ తీసుకపోతుంటి గద. గా ఖరాబ్‌ది ఎందుకు తీస్త?" అన్నాడు కాశిఫ్.

"మూడు దినాలు ఉన్నది గా తప్పు కాపీ. ఆ మూడు దినాలల్ల తీసుకోవచ్చు."

"తీసుకోవచ్చు. గని ఆ వారమంత నేను గుల్బర్గల ఉంటి, మా చెల్లె ఇఫ్ఫత్ షాదీకి. నువ్వు ఛుట్టీ ఇయ్యనని లొల్లి జేసినవ్, యాదున్నదా? షాదీకి గూడ రాలే."

యాదుంది. విజయేందర్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. పోయొస్తానని కూడా అనకుండా మెట్లు దిగాడు. తొమ్మిదేళ్లు కలిసి పనిచేసినవాణ్ని దొంగన్నందుకు ఏదో ఒక మాట అనాలి. వెనక లామినేషన్ మిషన్ మళ్లీ గరగరమంది.

సాయంత్రం మధులత వచ్చింది. మ్యాపు చూపిస్తే ఆమెకు వెంటనే అర్థమైంది. బోరు చెరువులో ఉన్న కాపీ భూమ్మీద మిగిలింది జర్నల్ దగ్గర ఒక్కటే. అంటే పేపరు బయటికి పోయింది అక్కడి నుంచే.

"నా షాపుల దొంగ లేడు బిడ్డా" అన్నాడు విజయేందర్. అనడంలో కొంచెం దర్పం కూడా ఉంది. చదువుకున్నవాళ్ల దొంగతనం చదువుకున్నవాళ్ల దగ్గరే తేలింది కదా. "ఆడ ఎవరెవరు చూస్తరు?"

ఎడిటర్, ఆయన పేపరు పంపే ఇద్దరు రివ్యూయర్లు, అంతే అంది ఆమె. రివ్యూయర్ల పని పేపరు చదివి బాగుందో లేదో చెప్పడం. వాళ్లెవరో రాసినవాళ్లకు చెప్పరు. అచ్చయ్యేదాకా వాళ్లు దాన్ని ఎవరికీ చూపించకూడదు, వాడుకోకూడదు. అది అక్కడి కట్టుబాటు. మార్చిలో తిప్పి పంపినప్పుడు ఇద్దరూ రాసినవి పేర్లు తీసేసి ఆమెకు పంపారు. ఆ ఫైళ్లు ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి. కంప్యూటరులో వేయించింది.

మొదటాయన ఐదు లైన్లు రాశాడు. పేపరు మంచిదే, రెండు చోట్ల సరిచేయమన్నాడు. రెండో ఆయనది పేజీన్నర. కొత్తదనం లేదు, కొలతలు నమ్మేలా లేవు, అచ్చు వెయ్యొద్దు. మధులత అర్థం చెబుతోంది, విజయేందర్ వినడం లేదు. అతను పేజీ అంచు చూస్తున్నాడు.

ఎడమవైపు ఒకటిన్నర అంగుళం ఖాళీ ఉంది. బైండింగ్‌లో కుట్టు పోవడానికి వదిలే ఖాళీ అది. థీసిస్ తప్ప మామూలు కాగితానికి ఎవరూ అంత వదలరు. కుట్టని, అతికించని, మెయిల్లో పోయే పేజీన్నర ముక్కకు బైండింగ్ మార్జిన్ ఎందుకు? పేజీ నంబరు కుడి మూల పైన, దాని కింద సన్నటి గీత. ఆ గీత మందం తాను పెట్టేదే. కొందరు పెద్దసార్లకు పేజీ సరిచేసుకోవడం రాక, ఒక ఖాళీ ఫైలు చేసిమ్మంటే చేసి ఇస్తాడు. వాళ్లు ఇంటికి రాసే ఉత్తరం కూడా దాంట్లోనే టైపు చేస్తారు. అలా ఇచ్చింది పదిమందికి మించదు. అందులో నీళ్ల సబ్జెక్టాయన ఒక్కరే ఉన్నారు.

"మీకేమన్న కనబడ్డదా?" అంది మధులత. ఆమె తెర వైపు చూడటం లేదు. అతని ముఖం చూస్తోంది.

"ఏం లేదు. రేపు మాట్లాడుదం" అన్నాడు.

ఆమె వెళ్లాక సొరుగులోంచి పొడుగు నోటుబుక్కు తీశాడు. అందులో నాలుగు మెయిల్ ఐడీలు, వాటి పాస్‌వర్డులు ఉన్నాయి. ఇది కూడా షాపు పనే. కొన్ని జర్నళ్లు పేపరు పంపేటప్పుడే, మీ పేపరు ఎవరు చదివితే బాగుంటుందో మీరే పేర్లు చెప్పండని అడుగుతాయి. నాలుగేళ్ల కింద ఆ నీళ్ల సబ్జెక్టాయనే, హనుమత్ప్రసాద్ అనే ప్రొఫెసరు, ఒక మార్గం చెప్పాడు. నిజంగా ఉన్న పెద్ద ప్రొఫెసర్ల పేర్లే ఇద్దాం, మెయిల్ ఐడీలు మాత్రం మనం తెరుద్దాం. జర్నల్ ఆ ఐడీకి పంపితే సారు తన పేపరు గురించి తానే బాగుందని రాసుకుంటాడు. ఐడీ తెరవడానికి ఫోన్ నంబరు కావాలి. సారు తన నంబరు ఇవ్వలేదు, విజయేందర్ తనదిచ్చాడు. ఆ తర్వాత ఇంకొందరు సార్లకూ అలాగే తెరిచిచ్చాడు. అప్పుడది పెద్ద తప్పుగా తోచలేదు. తన డబ్బా తాను కొట్టుకోవడం ఈ సందులో ఎవరు చెయ్యట్లేదు?

నీళ్ల సబ్జెక్టు పెద్ద ప్రొఫెసరు పేరున్న ఐడీ తెరిచాడు. ఓటీపీ అతని ఫోన్‌కే వచ్చింది. మెయిలు దృష్టిలో ఆ పెద్ద ప్రొఫెసరు అతనే.

లోపల సారు సొంత పేపర్లు నాలుగో ఐదో ఉంటాయనుకున్నాడు. నలభై మూడున్నాయి. ఒకసారి రివ్యూ చేసిన పేరు జర్నల్ జాబితాలో ఉండిపోతుంది, ఆ సబ్జెక్టు మీద ఎవరి పేపరొచ్చినా ఆ ఐడీకే పంపుతుంటారు. ఎక్కడెక్కడి పిల్లలవో. కిందికి జరుపుతూ పోతే మధులత పేపరు కనబడింది. పేరు చదివి పోల్చుకోలేదు, పొడుగు టైటిలు, మధ్యలో బ్రాకెట్టు చూసి పోల్చుకున్నాడు. ఫిబ్రవరి తొమ్మిదిన ఒక్క లైను జర్నల్‌కు జవాబు. అదే సాయంత్రం ఆ ఫైలు ఇంకో తెలియని ఐడీకి పోయింది. మార్చి రెండున, ఎడమవైపు ఒకటిన్నర అంగుళం వదిలిన ఆ పేజీన్నర జర్నల్‌కు పోయింది.

విజయేందర్ నోటుబుక్కు మూశాడు. షాపులో దొంగ లేడని గంట కిందట ఎంత బాగా చెప్పాడో గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే హనుమత్ప్రసాద్ ఫ్లాట్‌కు వెళ్లాడు. అదీ పంజాగుట్టలోనే, కాలనీ లోపల మూడో అంతస్తు. సారు బాల్కనీలో కూర్చుని న్యూస్‌పేపరు చదువుతున్నాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పాతికేళ్లయినా మాట మారలేదు.

"ఏంటి విజయేందర్ గారూ, ఇంత పొద్దున్నే? కాఫీ తాగుతారా?"

వద్దన్నాడు. చూసినదంతా చెప్పాడు. సారు కాదనలేదు, తడబడలేదు. న్యూస్‌పేపరు నీటుగా మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. తానేమీ దొంగిలించలేదని, పేరు వేసుకోలేదని, కొత్త విషయం ఉంటే చూపించమని ఒకాయన అడిగితే పంపానని, ఆయన దాన్ని ఎవరికి అమ్ముకున్నాడో తనకు తెలియదని చెప్పాడు. ఇందులో పుస్తకాల్లో ఉన్న నీతి వేరు, లోకంలో జరిగేది వేరని కూడా చెప్పాడు. పాఠం చెప్పినట్టే ఉంది.

"గా అమ్మాయి ఆరేండ్ల కష్టం సార్."

"బాధగానే ఉందండీ. కానీ ఒకటి ఆలోచించండి. ఆ ఐడీ ఎవరి నంబరు మీద ఉంది? తెరిచింది ఎవరి కంప్యూటర్లో? నా పేరు ఎక్కడైనా ఉందా?" సారు గొంతు మెత్తగానే ఉంది. "మీకొచ్చిన ఇబ్బందేమీ లేదు. ఎవరైనా అడిగితే, నేను చదువుకోలేదు, ఏదో టైపు చెయ్యమంటే చేశాను, నాకేమీ తెలీదని చెప్పండి. మీరంటే నమ్ముతారు."

విజయేందర్ లేచాడు. ఆ మాటలు సారు కొత్తగా నేర్పినవి కావు. ఇరవై రెండేళ్లుగా తనకు తాను చెప్పుకుంటున్నవే. బట్టలు కుట్టేవాడికి లోపలి మనిషి సంగతి ఎందుకని. అవే మాటలు సారు నోట వింటుంటే, ఆయన పళ్లు రాలగొట్టాలనిపించింది. లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులూ దిగాడు.

షాపుకొచ్చి మధులతకు ఫోన్ చేశాడు. ఆమె వచ్చాక ఐడీ తెరిచి, తారీకులు చూపించి, ఎవరు తెరవమన్నారో, ఎవరు తెరిచారో ఏదీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె ఆ తారీకులు కాగితం మీద రాసుకుంది. చివరికి అడిగింది.

"నిన్ననే తెల్సు గద మీకు?"

"తెల్సు."

"ఇప్పుడెందుకు చెప్తున్నరు? ఆ సారు చెప్పమన్నడా? దీంట్ల ఇంకేమన్న ఉన్నదా?"

"లేదు బిడ్డా."

నమ్మినట్టు లేదు. ఆమె స్థానంలో ఉంటే తానూ నమ్మడు. కీబోర్డు ఆమె వైపు జరిపి, జర్నల్‌కు మెయిల్ రాయమన్నాడు. అతను తెలుగులో చెబుతుంటే ఆమె ఇంగ్లీషులో కొట్టింది. నేను ఫలానా, అమీర్‌పేటలో డీటీపీ షాపు. మీ రివ్యూయరు అనుకుంటున్న ఐడీ ఆ ప్రొఫెసరుది కాదు. నేను తెరిచాను, ఫలానా సారు వాడాడు. పేపరు ఈ తారీకున బయటికి పోయింది, సాక్ష్యం ఇదిగో. అతను "నేను తెరిచాను" అన్నచోట ఆమె వేళ్లు ఆగాయి.

"మీ పేరు, నంబర్ రాయాల్నా? రేపు పోలీసులదాంక పోతే మీ మీదికే వస్తది."

"రాయి. పేరు లేకపోతె వాళ్లెందుకు నమ్ముతరు? మన్నువడ్డ దొంగ పేర్లతోనే గద ఇన్నేండ్లు మోసపోయిన్రు."

ఆమె రాసింది. ఐడీలోని మెయిళ్లు, తప్పు మ్యాపు, సరిచేసిన మ్యాపు, అతని ఆధార్ కార్డు ఫొటో, అన్నీ జతచేసి పంపారు. ఆమె పోతూ థ్యాంక్స్ చెప్పలేదు. అతను ఎదురు చూడలేదు కూడా, చూడలేదనే అనుకున్నాడు.

జర్నల్ నుంచి ముందు అతనికే ప్రశ్నలొచ్చాయి. మీరు నిజంగా మీరేనా, మీకు ఇందులో లాభమేమిటి, ఇంతకాలం ఎందుకు చెప్పలేదు. ఒక్కోదానికి మధులత ఫోన్‌లోనే అర్థం చెప్పి, జవాబు అడిగి, రాసి పంపేది. పనికి మించి ఒక్క మాట ఉండేది కాదు. ఈలోగా సందులో కబురు పాకింది. హనుమత్ప్రసాద్ ఏం చెప్పాడో, ఎవరికి చెప్పాడో, స్కాలర్లు షాపు ముందు నుంచే పోతూ లోపలికి చూడటం మానేశారు. ఇద్దరు గైడ్లు తమ పిల్లల ఫైళ్లు వెనక్కు తెప్పించుకున్నారు. ఒకాయన, దొంగ ఐడీలవాడంట అని బయటే నిలబడి ఎవరితోనో అన్నాడు. ఆయన రెండు పేపర్లకు సొంత పొగడ్త రాసిపెట్టింది విజయేందర్ తెరిచిన ఐడీలోంచే.

కమిటీకి నాలుగు రోజుల ముందు మధులత వచ్చింది. చేతిలో జర్నల్ ఉత్తరం ప్రింటు ఉంది. ఆమె పేపరు జనవరిలోనే తమకు చేరిందని, రివ్యూలోనే బయటికి పోయిందని ఎడిటర్ సంతకంతో రాశారు. అచ్చువేసిన రెండో జర్నల్‌కూ, ఆ సారు కాలేజీకీ రాశారట. థీసిస్ తీసుకోవడానికి గైడ్ ఒప్పుకున్నాడు. ఎర్రగీతలు ఎన్నున్నా ఈ ఉత్తరం జతచేస్తే చాలని కమిటీవాళ్లన్నారట.

విజయేందర్ అప్పటికే మెరూన్ రెక్సిన్ ఐదు కాపీలకు సరిపడా కోసి పక్కన పెట్టి ఉంచాడు. ఆ యూనివర్సిటీకి ఆ రంగే కావాలి. తీసి కౌంటరు మీద పెట్టబోయాడు.

"బైండింగ్ వేరే దగ్గర ఇచ్చిన అన్నా" అంది ఆమె. "నా ఫైళ్లు మీ కంప్యూటర్ల ఉన్నయి గద, అవి తీసేయుండ్రి. నా ముందట."

అతను రెక్సిన్ వదిలి కుర్చీ జరుపుకున్నాడు. ఆమె పేరున్న ఫోల్డరు తెరిచాడు. ఆరేళ్ల పని, అధ్యాయాలు, పట్టికలు, మ్యాపులు. మొత్తం ఎంచి చెరిపాడు. కంప్యూటరు చెత్తబుట్టలోంచి కూడా తీయమంది, తీశాడు. రెండో కంప్యూటరు కూడా చూపించమంది, చూపించాడు. ఆమె వంగి తెరను చివరిదాకా చూసింది.

"ఇంకెక్కడన్న ఉన్నదా?"

లేదు అని నోటి చివరిదాకా వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఆ మాట ఎంతమందికి ఎంత తేలిగ్గా చెప్పాడో.

"నా దగ్గరైతె లేదు" అన్నాడు. "ఇంకెవరి దగ్గరున్నదో నాకు తెల్వదు బిడ్డా."

ఆమె తలూపి, పెన్‌డ్రైవ్ సంచిలో వేసుకుని, ఉత్తరం రెండు చేతులతో పట్టుకుని సందు దాటిపోయింది.